‘విచ్చలవిడి’ ఎప్పుడు తిట్టయింది?

జార్జ్ ఆర్వెల్ ‘1984’ నిన్న రాత్రి ముగించాను. 1949లో వచ్చిన నవల. కథ అయిపోయాక, అందులో దేశాన్ని ఏలే పార్టీ తయారు చేసిన న్యూస్పీక్ అనే భాష గురించి ఒక అనుబంధం ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండా పుస్తకం మూసేస్తారు, నాకు మాత్రం అక్కడే నిద్ర ఎగిరిపోయింది. ఆ భాషలో ‘ఫ్రీ’ అనే మాటని ఉంచుతారు. కాని ‘ఫ్రీ ఫ్రమ్’ అంటూ కుక్కకి పేలు లేవనడానికో, చేలో కలుపు లేదనడానికో వాడాలి తప్ప మనిషికి వాడకూడదు. అడగడానికి మాటే లేకపోతే అడగాలన్న ఊహ కూడా పుట్టదని పార్టీ ఎత్తు.

దీన్ని తెలుగులో చెప్పి చూశాను. కుక్కకి పేలు లేవు, చేలో కలుపు లేదు. మనకి ‘లేదు’ సరిపోతుంది, స్వేచ్ఛ ఆ దరిదాపుల్లోకే రాదు. మన దగ్గర ఈ ఎత్తు పారదని సంతోషపడ్డాను. అంతలో విచ్చలవిడి గుర్తొచ్చింది.

పాత నిఘంటువుల్లో ఈ మాటకి స్వేచ్ఛ అనే అర్థం కూడా ఉంది. ఇప్పుడు పేపర్లో ఎక్కడ చూసినా విచ్చలవిడి ఖర్చు, విచ్చలవిడిగా ఇసుక తవ్వకాలు. ఆడపిల్ల విచ్చలవిడిగా తిరుగుతోందంటే ఇంక చెప్పక్కర్లేదు.

నరసన్నపేట దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో వరి కోతలయ్యి కుప్పలు వేశాక, అపరాలు చల్లని చేలల్లోకి పశువుల్ని తోలేవారు. అమ్మమ్మ పెయ్య మెడలో పలుపు విప్పి, దాని వీపు మీద ఒక్కటి చరిచి, “ఇచ్చలవిడిగా మెయ్యనీరా, ఒగ్గీ!” అనేది. ఆ గొంతులో తప్పు పట్టడం లేదు, సంబరం ఉంది. మీ ఇళ్లలో ఎవరైనా ఈ మాటని మంచికి వాడగా విన్నారా?

బొబ్బిలి నుంచి జవాబు:
మా నాన్న అనేవారు, ఏట్లో ఈతలు కొట్టే పిల్లల్ని చూసి. కాని పోలిక ఒప్పుకోలేను. న్యూస్పీక్‌ని పార్టీ పనిగట్టుకుని తయారు చేసింది. విచ్చలవిడిని ఎవరూ శాసించలేదు. కంపు ఒకప్పుడు మంచి వాసనే, ఛాందసుడంటే వేదం చదివినవాడే. మాటలు దిగజారుతూనే ఉంటాయి.

మొదట రాసినవారు:
ఎవరూ శాసించలేదు, నిజమే. నన్ను బాధపెట్టింది అదేనండి. కంపు చెడినా సువాసన మిగిలింది, పూలమ్మే ఆవిడ కూడా మంచి వాసన అంటుంది. విచ్చలవిడి చెడ్డాక మా అమ్మమ్మలాంటి వాళ్లకి ఏం మిగిలింది? స్వేచ్ఛ సభల్లో మాట, ఆవిడ నోట ఒక్కనాడూ వినలేదు. ‘నా ఇష్టం’ ఉంది కదా అంటే, కోడలు ఆ మాట అంటే పొగరంటారు. ఇంక ఫ్రీ ఉంది, ఫ్రీ బస్సు, సాయంత్రం ఫ్రీయేనా. మనిషి తన ఇష్టం వచ్చినట్టు బతకడాన్ని మెచ్చుకోవడానికి ఇంట్లో పలికే మాట ఒక్కటి చెప్పండి. రెండు రోజులుగా వెతుకుతున్నాను.

టెక్కలి నుంచి జవాబు:
మా అత్త పొద్దున్నే గంప ఎత్తి కోడిపిల్లల్ని ఒగ్గేటప్పుడు ఏదో అంటాది. ‘ఇచ్చలవిడి’ అనే నా గుర్తు, కాని రూఢిగా చెప్పలేను. రేపు దగ్గర నిలబడి విని, ఆవిడ అన్నది అన్నట్టే రాస్తాను.