గేమ్‌లో కొట్లాట వదిలేసి ఊళ్లు చూసుకుంటూ తిరిగేవాళ్లు ఉన్నారా?

ప్రశ్న (హన్మకొండ అక్క): రాత్రి తొమ్మిది దాటాక మా తమ్ముడి ప్లేస్టేషన్ నా చేతికొస్తుంది. మిషన్ నాకు పట్టదు, గోడలూ గుళ్లూ చూసుకుంటూ నడుస్తా. "అక్కా, వెనక నిన్ను కాలుస్తుంటే స్తంభం చూస్తున్నవా" అని వాడి గోల.

మొన్న అన్‌చార్టెడ్: ది లాస్ట్ లెగసీ (2017) గేమ్‌లో, కర్ణాటకలో హొయసల రాజుల గుడి ఉన్న ఊరు హళేబీడుకు చేరా. కొండలు, జలపాతాలు, తాటిచెట్టును మించిన విగ్రహాలు. కిందటేడు అసలు హళేబీడు చూసొచ్చా. జలపాతం లేదు, గుడికి గోపురమూ లేదు. ఉన్నదంతా సోప్‌స్టోన్ అనే మెత్తటి రాతి గోడ మీదే. కింద వరసలో ఏనుగులు, జానెడు ఎత్తుంటాయేమో, ఒక్కదాని ముందే కూర్చుండిపోవచ్చు. గేమ్‌లో ఆ జానెడు పనే లేదు. మన రామప్పలో చూరు కింద ఒక మదనిక (నాట్యగత్తె శిల్పం) కాళ్లకు ఎత్తు మడమల చెప్పులుంటాయి, మెడ నొప్పెట్టేదాకా చూస్తాం కదా, అలాంటిదన్నమాట. దగ్గరికెళ్లి చూడనిచ్చే గేమ్ ఏదైనా ఉందా?

కాజీపేట నుంచి: అక్కా, అస్సాసిన్స్ క్రీడ్ ఒరిజిన్స్‌కు 2018లో డిస్కవరీ టూర్ వచ్చింది. కత్తులు లేవు, చావులు లేవు. క్లియోపాత్రా కాలపు ఈజిప్టులో గైడ్ చెబుతుంటే నడవడమే. ఒకటే తమాషా. బట్టల్లేని విగ్రహాలకు గవ్వలు అడ్డం పెట్టారు! పిల్లలకు చూపించే పాఠమనేమో.

కరీంనగర్, ఆర్కిటెక్చర్ స్టూడెంట్: అదే సిరీస్‌లో యూనిటీ (2014) చూడండి. ఫ్రెంచ్ విప్లవం నాటి పారిస్. అక్కడి పెద్ద చర్చి నోట్రడామ్ లోపలికి వెళ్లొచ్చు, కప్పు మీదికీ ఎక్కొచ్చు. కాకపోతే ఆ కాలంలో పైన సూదిలాంటి శిఖరం లేదు. మనకు ఫోటోల్లో తెలిసింది 19వ శతాబ్దంలో కట్టింది, 2019లో కాలిపోయింది. గేమ్‌లో మాత్రం ఉంది. అది లేకపోతే నోట్రడామ్ అని ఎవరు గుర్తుపడతారు అనుకున్నారేమో. ఇట్లాంటి పొరపాటు దొరికితే నాకు పండగే.

జనగామ నుంచి: గేమ్ గేమే అక్కా. పురావస్తు శాఖ (ఏఎస్ఐ) రిపోర్ట్ కాదు.

హన్మకొండ అక్క: రిపోర్ట్ అడగలేదు తమ్మీ, ఏనుగులు అడిగిన. నిన్న రాత్రి టూర్ పెట్టా. గవ్వలు నిజమే! మావాడు నవ్వీ నవ్వీ పొలమారి, కంట్రోలర్ మీద చాయ్ ఒలికించాడు. ఆదివారం రామప్పకు వస్తానన్నాడు, ఆ చెప్పుల కోసమే. పెట్రోల్ డబ్బులు మాత్రం నావేనట.