జీబ్రా హావర్తియా పిలకలు తీసేయాలా, గుబురుగానే వదిలేయాలా?

బాల్కనీ తోట (హైదరాబాద్): మూడేళ్ళ క్రితం కడియంలో ఈ తెల్ల చారల, దళసరి ఆకుల బుల్లి మొక్క ఒక్కటి కొన్నాను, ఇప్పుడు చుట్టూ 9 పిలకలు పెట్టి 4 అంగుళాల కుండీ అంచు కూడా కనబడట్లేదు, చూడ్డానికి ముచ్చటగా ఉంది కానీ మధ్యలో తల్లి మొక్కకి అడుగు ఆకులు రెండు మెత్తబడ్డాయి. మా ఆడపడుచు పిలకలన్నీ పీకేయమంటోంది, నాకేమో మనసు రావట్లేదు. ఏం చేయమంటారు?

గోదావరి గట్టు: తీసేయండి మేడమ్. మా రాజమండ్రిలో వానాకాలం ఆ గుబురు మధ్యలో తడి ఆరదు, ఒకటి కుళ్ళిందంటే పక్కదానికి అంటుకుంటుంది. పోయినేడు నా దుబ్బు మొత్తం వారంలో పోయింది, పైకి పచ్చగానే ఉంది, లాగితే చేతిలోకి వచ్చేసింది. పిండినల్లి కూడా ఆ సందుల్లోనే దాక్కుంటుంది. విడిగా పెట్టినవి మాత్రం బతికాయి, ఇంకేం రుజువు కావాలి?

ముళ్ళకంప: అదేం రుజువండీ. దక్షిణాఫ్రికా ఈస్టర్న్ కేప్‌లో పొదల నీడన ఇది గుబురుగానే పెరుగుతుంది, అక్కడ పిలకలు ఎవడు తీస్తున్నాడు? మన కలబందకి చుట్టమే ఇది, పిలకలు పెట్టడమే దాని పని. తప్పు గుబురుది కాదు, మట్టిది. ఏం మట్టి వేశారో మాత్రం చెప్పలేదు చూడండి.

గోదావరి గట్టు: ఎర్రమట్టి, ఇసుక, కొంచెం కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), అందరూ వేసేదే. ఈస్టర్న్ కేప్‌లో మా ఊరి ఉక్కపోత ఉంటుందేంటి?

ముళ్ళకంప: ఆ కొంచెం కోకోపీటే కొంప ముంచింది 😀

రాళ్ళూ వేళ్ళూ: ఇద్దరూ కాలం సంగతి వదిలేశారు. ఈ మే ఎండల్లో హావర్తియా దాదాపు నిద్రలో ఉంటుంది (2013లో దీని శాస్త్రీయ పేరు హావర్తియాప్సిస్ అని మార్చారు, నర్సరీ వాళ్ళకి ఆ కబురు ఇంకా అందలేదు), ఇప్పుడు కోస్తే గాయం మానదు, కొత్త వేరు రాదు. దసరా దాటాక తీయండి, అదీ తల్లిలో మూడో వంతు పెరిగి సొంత వేళ్ళున్న పిలకలే. రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టి నాటండి, వారం దాకా నీళ్ళు పోయొద్దు. మట్టి మిక్స్‌లో సగానికి పైగా సిండరో (కాలిన బొగ్గు ముక్కలు) ఇటుక ముక్కలో ఉండాలి.

గోదావరి గట్టు: మెత్తబడ్డదాన్ని పట్టుకుని దసరా దాకా కూర్చోమంటారా?

రాళ్ళూ వేళ్ళూ: అది కరెక్టే, కుళ్ళు మొదలైతే ముహూర్తాలు చూడం. నేను చెప్పింది బాగున్న దుబ్బు గురించి. ముందు కుండీలోంచి తీసి వేళ్ళు చూడండి మేడమ్.

బాల్కనీ తోట: తీశానండీ. తల్లి వేళ్ళ చుట్టూ నర్సరీ కోకోపీట్ ముద్ద మూడేళ్ళుగా అలాగే ఉంది, నేను కుండీ మార్చినప్పుడు విప్పనేలేదు, పైన మట్టి పొడిగా ఉన్నా లోపల తడే. తల్లి వేళ్ళు నల్లబడ్డాయి, బయటి పిలకలవి మాత్రం తెల్లగా లావుగా ఉన్నాయి.

ముళ్ళకంప: చెప్పానా, మట్టే!

గోదావరి గట్టు: మధ్యలో ఉన్నదే పోయింది, బయటివి బాగున్నాయి. నేనన్నదీ అదేగా.

బాల్కనీ తోట: మీరు తేల్చుకోండి 🙏 తల్లిని కాపాడలేకపోయా. 3 పిలకలు వాటంతట అవే ఊడొచ్చాయి, వాటిని ఆరబెట్టా, మిగతా 6 ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి కాబట్టి ఆ ముద్దంతా దులిపి సిండర్ వేసి మట్టి కుండీలో అలాగే పెట్టేశా. ఊడొచ్చిన వాటిలో ఒకటి ఆడపడుచుకి ఇస్తానంటే, ఒంటి మొక్క నాకెందుకు, ఆ గుబురు ఇవ్వు అంటోంది.