ఆడవాళ్ల ఆశ్రయ గృహాల్లో పరిస్థితి ఎలా ఉంటుంది? విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు చెప్పండి

బొబ్బిలి కోడలు:
మా పిన్ని కూతురు మొగుడి దెబ్బలు తట్టుకోలేక ఇద్దరు పిల్లల్ని తీసుకుని వచ్చేసింది. ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే వన్ స్టాప్ సెంటర్‌లో (హింసకి గురైన ఆడవాళ్లకి తాత్కాలికంగా చోటిచ్చే ప్రభుత్వ కేంద్రం) చేర్చారు. అక్కడ బాగానే చూస్తున్నారు గానీ ఐదు రోజులకు మించి ఉంచడానికి లేదట. తర్వాత హోమ్‌కి వెళ్లాలి. పిన్ని లేదు, అన్నయ్య పట్టించుకోడు. మా ఇంట్లో పెట్టుకుందామంటే అతను ముందుగా వెతుక్కుంటూ వచ్చేది మా ఇంటికే. హోమ్ సంగతి తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. పెద్దోడికి తొమ్మిదేళ్లు, మగపిల్లాణ్ణి ఉంచరని ఎవరో చెప్పారు. అప్పట్నుంచీ దానికి ఒకటే టెన్షన్. పైగా ఎఫ్ఐఆర్ కాపీ ఉంటేనే చేర్చుకుంటామని హోమ్‌లో అన్నారట. తనేమో కేసు పెట్టాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తోంది.

నాగావళి ఒడ్డు:
నేను ఉన్నాను. ఏ ఊళ్లోనో చెప్పను, ఇంకా అక్కడున్న వాళ్లకి ఇబ్బంది.

తిండికి లోటుండదు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పు, ఏదో ఒక కూర, రాత్రి అన్నం, చారు. గుడ్డు ఏయే రోజుల్లో పెట్టాలో గోడ మీద రాసుంటుంది, పళ్లెంలోకి మాత్రం ఎప్పుడో గానీ రాదు. పిల్లల పాలు పలచన. పడుకోవడానికి ఒకటే హాలు, మంచాలు చాలక సగం మంది కిందే. మోటారు పాడైతే బోరింగు దగ్గర వరస. అయినా కొట్టేవాడు లేడన్న ధైర్యంతో వెళ్లిన కొత్తలో కంటినిండా నిద్రపోయాను.

అసలు బాధ వేరే ఉంది. అక్కడ ఏ రూలూ కాగితం మీద ఉండదు. ఈ మేడం ఉన్నప్పుడు సాయంత్రం ఫోన్ వాడుకోవచ్చు, ఆ మేడం వస్తే వద్దు. మా లాయరు వాయిదా తేదీ మారిందని చెప్పడానికి ఫోన్ చేస్తే నా సెల్లు ఆఫీసు బీరువాలో ఉంది. ఆ వాయిదాకి అవతలి వాళ్లు వెళ్లారు, నేను వెళ్లలేదు. తర్వాత బట్టల షాపులో పని దొరికింది. షాపు కట్టేసరికి రాత్రి తొమ్మిది, ఇక్కడ గేటు ఆరింటికే వేసేస్తారు. ‘పని కావాలంటే బయట గది చూసుకో’ అన్నారు. గదికి అడ్వాన్సు కట్టాలంటే ముందు పని చేయాలి కదా! ఆ పని పోయింది.

కుట్టు నేర్పిస్తారు, అది నిజమే. నాలుగు మిషన్లుంటే రెండింటికి బెల్టుల్లేవు.

పాలకొండ పిల్ల:
మా అప్పకీ ఇదే అనుభవం. సూపరింటెండెంట్ వారానికి ఒకట్రెండు సార్లే వస్తుంది, ఆవిడ సంతకం లేకపోతే బ్యాంకుకి కూడా పంపరు. ఆవిడ లేనప్పుడు వంటావిడదే పెత్తనం. వంటావిడకి కోపమొస్తే పిల్లలకి రెండోసారి అన్నం ఉండదు.

సగటు మనిషి:
ఊరికే తిండీ నీడా ఇస్తుంటే ఇన్ని వంకలా? కాస్త సర్దుకుపోతే కాపురమే నిలిచేది.

గంటస్తంభం:
వచ్చారండీ. ఈ మాట పెద్దమనుషుల దగ్గర విని విని ఆ పిల్ల ఇల్లు వదిలింది. ఇక్కడ అడిగింది హోమ్ సంగతి, తెలిస్తే చెప్పండి.

చీపురుపల్లి లక్ష్మి:
ఒక హోమ్‌లో కౌన్సెలర్‌గా చేసి మానేశాను. నాగావళి గారు చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే లోపల ఏం జరుగుతుందో కూడా తెలియాలి.

వీటిలో చాలావాటిని స్వచ్ఛంద సంస్థలు నడుపుతాయి. ఖర్చులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. ఆ డబ్బు కదిలి సంస్థ ఖాతాలో పడేలోపు కిరాణా కొట్లో బాకీ కొండలా పెరుగుతుంది. ఒకసారి కొట్టాయన ‘పాత బాకీ కట్టాకే కందిపప్పు’ అని తెగేసి చెప్పాడు. మాకూ నెలల తరబడి జీతాల్లేవు. జీతం రాని వాచ్‌మన్ ఏం చేస్తాడు? రాత్రిపూట ఇంకో చోట డ్యూటీ వెతుక్కున్నాడు. అతను వెళ్లేలోపు తాళం పడాలి కాబట్టి గేటు ఆరింటికి మూసేవాళ్లం. మా హోమ్‌లో ఆ రూలు పుట్టింది అలాగ, ఏ జీవోలోనూ లేదు.

ఫోన్ల కథా అంతే. ఒకామె ఫోన్ వల్ల చోటు తెలుసుకుని భర్త తాగొచ్చి గేటు తన్నాడు. ఆ రాత్రి 112కి ఫోన్ చేసి పోలీసుల్ని పిలిచాం. మర్నాటి నుంచి అందరి ఫోన్లూ బీరువాలోకే. వాడి తప్పుకి వీళ్లందరికీ శిక్ష. నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

ఇంకోటి ఎవరూ మాట్లాడరు. మతిస్థిమితం సరిగా లేని వాళ్లని పోలీసులు తీసుకొచ్చి ఇక్కడే దింపేస్తారు. రాత్రి అరుపులకి పిల్లలు హడలిపోతారు. విశాఖ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్దామంటే తోడుకి మనిషి ఉండదు, బండి ఉండదు. పాపం ఆమెకీ వైద్యం అందదు, మిగతావాళ్లకీ నిద్ర ఉండదు.

బొబ్బిలి కోడలు గారూ, పిల్లాడి గురించి భయపడొద్దు. ఈ హోమ్‌ల పాత పథకం స్వాధార్ గృహ, దాని నిబంధనల్లో మగపిల్లలకి ఎనిమిదేళ్లే హద్దు. 2022లో మిషన్ శక్తి అనే కేంద్ర పథకం కింద స్వాధార్, ఉజ్జ్వల (అక్రమ రవాణా బాధితుల పథకం) రెండూ కలిపి శక్తి సదన్ చేశారు, అందులో పన్నెండేళ్ల దాకా తల్లితో ఉండొచ్చు. కొన్నిచోట్ల ఇంకా పాత కాగితం పట్టుకునే మాట్లాడతారు.

నల్ల కోటు:
ఎఫ్ఐఆర్ అడగడానికి వీల్లేదు. గృహహింస చట్టం 2005లో వచ్చింది, దాని నియమాలు 2006లో. పదహారో నియమం ప్రకారం గృహహింస నివేదిక (జరిగిన హింస గురించి అధికారి రాసే కాగితం) ఇవ్వలేదన్న కారణంతో కూడా ఆశ్రయ గృహం కాదనకూడదు, ఇక ఎఫ్ఐఆర్ మాటెక్కడిది? ఆమె కోరితే తను అక్కడ ఉన్న సంగతి అవతలి వాళ్లకి చెప్పకూడదని కూడా అందులోనే ఉంది. ఈ రెండూ తెలుగులో రాసి పట్టుకెళ్లండి. నోటితో చెబితే వినరు, నంబరు చూపిస్తే గొంతు మారుతుంది.

తనంతట తాను వచ్చిన మేజర్‌ని బయటికి వెళ్లొద్దని తాళం వేసే అధికారం ఎవరికీ లేదు. కోర్టు పంపినవాళ్ల సంగతి వేరు. సమయం చెప్పి వెళ్లమనొచ్చు, రిజిస్టర్‌లో రాయించుకోవచ్చు, అంతవరకే.

అసలు ఆమే ఎందుకు హోమ్‌లో ఉండాలి అన్నది కూడా ఆలోచించండి. అదే చట్టం 19వ సెక్షన్ కింద ఆమె ఉండటానికి వేరే ఇల్లు చూపమనో, అద్దె కట్టమనో మేజిస్ట్రేట్ భర్తని ఆదేశించొచ్చు. 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు అడగొచ్చు. లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఇస్తుంది, ఫోన్ 15100.

రాజాం టీచర్:
పిల్లల చదువు ఆపొద్దు. టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి చేర్చుకోకుండా ఉండకూడదు, విద్యాహక్కు చట్టంలోనే ఉంది. పాత బడికి టీసీ కోసం వెళ్తే కొత్త బడి పేరు తండ్రికి తెలిసిపోయే ప్రమాదముంది. కొత్త బడి హెడ్మాస్టర్‌కి సంగతి చెప్పి, తల్లి తప్ప ఎవరొచ్చినా పిల్లల్ని పంపొద్దని రాసివ్వండి.

పాలకొండ పిల్ల:
బాగా లేకపోతే ఎక్కడ చెప్పుకోవాలి? లోపల పెట్టెలో వేసిన కాగితం తీసేది ఆ మేడమే కదా.

నాగావళి ఒడ్డు:
మేం సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాం. తనిఖీకి ఆఫీసర్లు వచ్చారు. బాత్రూములకి తలుపులు వచ్చాయి, గుడ్డు వచ్చింది, బెల్టులు కూడా వచ్చాయి. గేటు మాత్రం ఆరింటికే. అర్జీ మీద మొదటి సంతకం పెట్టినామెతో ‘నీ గడువు అయిపోవచ్చింది, చూసుకో’ అన్నారు. అందుకే లోపలి వాళ్లు ఒంటరిగా సంతకం పెట్టొద్దు. బయటి చుట్టాలెవరైనా ఇవ్వాలి, రసీదు నంబరు తీసుకోవాలి. ఇప్పుడు ఆర్టీసీ బస్సు ఆడవాళ్లకి ఫ్రీయే కాబట్టి ఆ ఖర్చూ లేదు.

చీపురుపల్లి లక్ష్మి:
అర్జీలో ‘తిండి బాగాలేదు’ అని రాయకండి. ‘రాత్రి వాచ్‌మన్ ఉండటం లేదు’, ‘బిల్లులు ఇన్ని నెలలుగా రాలేదు’ అని రాయండి. తిండి అని రాస్తే వంటావిడని మార్చేస్తారు, ఈ రెండింటికీ ఫైలు కదపాల్సి వస్తుంది. ఐసీడీఎస్ పీడీకి (జిల్లాలో స్త్రీ శిశు సంక్షేమం చూసే అధికారి) ఒక కాపీ పెట్టండి.

బొబ్బిలి కోడలు:
అందరికీ థ్యాంక్స్ అక్కా. నిన్న నేనే వెంట వెళ్లాను. నల్ల కోటు గారు చెప్పినట్టు కాగితం చూపిస్తే ఎఫ్ఐఆర్ మాట మళ్లీ ఎత్తలేదు. పెద్దోణ్ణి కూడా చేర్చుకున్నారు, కాకపోతే ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కున్నాకే. ఫోన్ రాత్రి ఎనిమిదికి తీసుకుని పొద్దున ఇస్తారట. లాయరు నంబరు, నా నంబరు రిజిస్టర్‌లో రాయించాను. రూల్స్ రాసిమ్మంటే ‘ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు’ అన్నారు, ఇస్తామని మాత్రం అనలేదు. సోమవారం మళ్లీ వెళ్తాను. తీసుకెళ్లాల్సినవి ఏమైనా ఉన్నాయా?

నాగావళి ఒడ్డు:
బకెట్, మగ్గు, ట్రంకుపెట్టెకి గట్టి తాళం, దోమతెర. పిల్లలకి గుడ్డలు రెండు జతలు చాలు, ఎక్కువైతే పోతాయి. ఆధార్, పెళ్లి ఫోటోలు, దెబ్బలకి ఆసుపత్రి చీటీలు జిరాక్స్ తీసి ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంచుకోండి. రూల్స్ కాగితం మాత్రం వదలకండి, దొరికితే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.