ప్రదర్శనలకు విజిటింగ్ కార్డులు మానేసి క్యూఆర్ కోడ్‌తో వెళ్ళవచ్చా?

ప్రశ్న: అట్టపెట్టెల యజమాని, జీడిమెట్ల

అందరికీ నమస్కారం. మాది జీడిమెట్లలో మందుల కంపెనీలకు అట్టపెట్టెలు, వాటి లోపల మడిచిపెట్టే కరపత్రాలు అచ్చువేసి ఇచ్చే చిన్న యూనిట్. ఏడాదికి రెండు మూడుసార్లు హైటెక్స్‌లోనో, హెచ్‌ఐసీసీలోనో జరిగే ఫార్మా సదస్సులకు, ప్రదర్శనలకు వెళుతూ ఉంటాను. పోయినసారి మూడు రోజుల్లో 200 కార్డులు పంచి, 110 దాకా తెచ్చుకున్నాను. వాటికి రబ్బరు బ్యాండు వేసి సొరుగులో పెట్టి, పది రోజుల తరువాత తీసి చూస్తే, ఎవరు రేటు అడిగారో, ఎవరు శాంపిల్ పంపమన్నారో, ఎవరు మర్యాదకు చేతిలో పెట్టి వెళ్ళిపోయారో ఒక్కటీ గుర్తు రాలేదు. ఒక కార్డు వెనుక నా చేతిరాతే, ‘300 జీఎస్‌ఎం, గురువారం’ అని ఉంది (జీఎస్‌ఎం అంటే చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని అట్ట బరువు చెప్పే లెక్క). ఏ గురువారమో నాకు నేటికీ తెలియదు.

మా మేనల్లుడు ఇకమీదట కార్డులు అచ్చువేయించవద్దనీ, ఫోనులో క్యూఆర్ కోడ్ చూపిస్తే చాలుననీ అంటున్నాడు. ఒక కంపెనీవారేమో ఏడాదికి ఇంత అని చందా కడితే డిజిటల్ కార్డుతో పాటు ఫోనుకు తాకిస్తే పనిచేసే ప్లాస్టిక్ కార్డు కూడా ఇస్తామంటున్నారు. అచ్చు పని చేసేవాడినై ఉండి కార్డు మానేయడమేమిటని నాకే కొంత వెలితిగా ఉంది. నేను కలిసే కొనుగోలు మేనేజర్లలో సగం మంది యాభై దాటినవారు. వారి దగ్గర ఇది నడుస్తుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1: బైట్ల లెక్క

క్యూఆరా, తాకించే కార్డా అన్నది తరువాత చూద్దామండీ. ముందు తేల్చుకోవలసింది మీ వివరాలు ఎక్కడ ఉంటాయన్నది. క్యూఆర్ కోడ్ రెండు విధాలు. మొదటిదాంట్లో మీ పేరు, కంపెనీ, ఫోను నంబరు, ఈమెయిలు అన్నీ వీకార్డ్ అనే పద్ధతిలో ఆ నలుపు తెలుపు గళ్ళలోనే ఇమిడి ఉంటాయి. స్కాన్ చేసినవారి ఫోనులో సిగ్నల్ లేకపోయినా ‘కాంటాక్ట్‌లో చేర్చమంటారా’ అని అడుగుతుంది. దీనిని స్టాటిక్ కోడ్ అంటారు. రెండవదాంట్లో ఒక చిన్న లింకు తప్ప మరేమీ ఉండదు. ఆ లింకు కోడ్ తయారుచేసిన కంపెనీ సర్వరుకు వెళ్ళి, అక్కడి నుంచి మీ పేజీని తెస్తుంది. దీనిని డైనమిక్ కోడ్ అంటారు. నంబరు మారితే మళ్ళీ అచ్చువేయించకుండానే సరిదిద్దుకోవచ్చు, ఎంతమంది స్కాన్ చేశారో లెక్క కూడా తెలుస్తుంది. చందా అడిగేవారు అమ్మేది దాదాపు ఎప్పుడూ ఈ రెండవదే.

నేను ఆ రెండవదానిని నమ్ముకుని దెబ్బతిన్నాను. 500 కార్డుల వెనుక డైనమిక్ కోడ్ అచ్చువేయించి, ఏడాది తిరిగాక చందా కట్టడం మరచిపోయాను. కొన్ని నెలల తరువాత పాత పరిచయస్తుడొకరు నా కార్డు తీసి స్కాన్ చేస్తే, ఈ కోడ్ ఇప్పుడు పనిచేయడం లేదన్న మాటా, దాని కింద ఆ కంపెనీ సొంత ప్రకటనా కనిపించాయట. ఆయన మా వ్యాపారం మూతపడిందనుకుని వేరేవారికి ఫోన్ చేశారు. తప్పు నాదే, కాదనను. కానీ ఒకసారి ఎదుటివారి చేతికి వెళ్ళిన కార్డుకు ఏటేటా అద్దె కట్టవలసి రావడమేమిటన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. వివరాలు తరచుగా మారేవారైతే సొంత డొమైన్ కొనుక్కుని, అందులో ఒక పేజీ పెట్టుకుని, కోడ్‌ను దానికే చూపించుకోవడం మేలు.

ఇక తాకించే కార్డులో ఉండేది ఎన్‌ఎఫ్‌సీ చిప్, అంటే బాగా దగ్గరగా పెడితే రేడియో తరంగాలతో సమాచారం అందించే చిప్. అది 13.56 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, నాలుగు సెంటీమీటర్లలోపు పెడితే గాని ఫోను చదవదు. చవకరకం ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో ఆ సదుపాయమే ఉండదు. ఉన్నవాటిలోనూ కొందరు దానిని ఆపేసి ఉంచుతారు. ఐఫోన్లలో 2018లో వచ్చిన ఎక్స్‌ఎస్, ఎక్స్‌ఆర్ మొదలుకొని తమంతట తాము చదువుతాయి, అదీ చిప్‌లో లింకు రాసి ఉంటేనే. చాలా కార్డులలో వాడే ఎన్‌టాగ్ 213 చిప్‌లో మనకు దక్కే చోటు 144 బైట్లే కనుక, ఎలాగూ లింకు తప్ప పూర్తి వివరాలు పట్టవు. కొన్న తరువాత ఆ చిప్‌కు తాళం వేయడం మరవకండి. వేయకపోతే ఫోనులో ఒక ఉచిత యాప్ ఉన్నవారెవరైనా మీ లింకు చెరిపి తమది రాసిపెట్టగలరు.

జవాబు 2: ప్రెస్సు మేస్త్రి, విజయవాడ

పై వారు చెప్పినది సబబే. అయితే ఫోను తెర మీద కోడ్ చూపించడం చెప్పినంత సులువు కాదు. జనం మధ్యలో ఫోను తీసి, తాళం తెరిచి, ఫోటోలలో వెతికి, వెలుతురు పెంచేసరికి ఎదుటివారి చూపు పక్క స్టాలు మీదికి పోతుంది. యూపీఐ పుణ్యమా అని మన దగ్గర కూరగాయల బండి మొదలుకొని గుడి హుండీ దాకా స్కాన్ చేయడం అందరికీ అలవాటే, యాభై దాటినవారితో సహా. చిక్కల్లా ఏమిటంటే, కోడ్ అనగానే వారి వేలు డబ్బు పంపే యాప్ మీదికి వెళుతుంది. అదేమో ఇది చెల్లని కోడ్ అంటుంది. వారు మీ కోడే పాడైందనుకుంటారు. అందుచేత కోడ్ కింద ‘ఫోను కెమెరాతో స్కాన్ చేయండి’ అని ఒక వరుస తప్పక అచ్చువేయించండి. నేను ఈ మాట ప్రతి గిరాకీకీ చెబుతాను, వినేవారు కొద్దిమందే.

కార్డు మానవద్దు, దాని వెనుక వైపును వాడుకోండి. 30 అక్షరాల లింకైతే 29 అడ్డం, 29 నిలువు గళ్ళలో సరిపోతుంది. 200 బైట్ల వీకార్డ్ అయితే మధ్యరకం దోషసవరణతో (కోడ్‌లో కొంత భాగం చెడినా చదవగలిగేలా చేసే ఏర్పాటు) 57 అడ్డం, 57 నిలువు గళ్ళు కావాలి. గళ్ళు ఎక్కువైతే ఒక్కొక్కటీ సన్నబడుతుంది కనుక, వీకార్డ్ కోడ్‌కు ఒక అంగుళానికి తగ్గకుండా చోటు ఇవ్వండి. చుట్టూ నాలుగు గళ్ళంత తెల్లని అంచు వదలాలి. డిజైనర్లు అందం కోసం మొదట తినేసేది ఆ అంచునే. నలుపు మీద తెల్ల కోడ్ వద్దు, కొన్ని ఫోన్లు దానిని చదవవు. మెరిసే గ్లాసీ లామినేషన్ వేస్తే హాలులోని దీపాలు దాని మీద మెరిసి కెమెరాకు అడ్డం వస్తాయి, మ్యాట్ వేయించండి. నడుమ లోగో పెట్టాలనుకుంటే దోషసవరణను పై స్థాయికి పెంచుకోవాలి. ఆ స్థాయిలో 30 శాతం దాకా చెడినా కోడ్ చదువుతుంది కానీ గళ్ళ సంఖ్య మళ్ళీ పెరుగుతుంది. అట్టపెట్టెల మీద బార్‌కోడ్లు వేసే మీకు ఇది కొత్త కాదనుకోండి.

జవాబు 3: ప్రవాసి, నగోయా

నేను ఉండే జపానులోని ఐచి ప్రాంతంలోనే క్యూఆర్ కోడ్ పుట్టింది. కార్ల విడిభాగాల లెక్క కోసం 1994లో డెన్సో సంస్థవారు దీనిని తయారుచేశారు. అయినా ఇక్కడ వ్యాపార సమావేశంలో ఎదుటివారి ముందుకు ఫోను చాపడం మన్నన అనిపించుకోదు. కార్డును రెండు చేతులతో ఇచ్చి, రెండు చేతులతో అందుకుని, చదివి, సమావేశం ముగిసేదాకా బల్ల మీద వారు కూర్చున్న వరుసలోనే పెట్టుకుంటారు. ఆ వరుస చూసే నేను ఎవరు ఎవరో గుర్తుపెట్టుకుంటాను. అందుకున్న కార్డు మీద వారి ఎదుటే ఏదైనా రాయడం కూడా తప్పే. ప్రశ్న అడిగినవారి ‘300 జీఎస్‌ఎం’ ఇక్కడైతే పెద్ద అపచారం అయ్యేది. జపాను కొనుగోలుదారులు వచ్చే ప్రదర్శనలైతే కాగితం కార్డులు విడిగా కొన్ని ఉంచుకోండి.

అట్టపెట్టెల యజమాని

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మేనల్లుడు ఉచితంగా దొరికే ఒక వెబ్‌సైటులో వీకార్డ్ కోడ్ చేసి ఇచ్చాడు. స్కాన్ చేస్తే నా పేరు తలకిందులుగా వస్తోంది. ఇంటిపేరు ముందుండవలసినది వెనక్కి పోయింది. తెలుగులో కూడా పేరు పెట్టమన్నాను, పెట్టగానే కోడ్ ఇసుక చల్లినట్టు చిక్కగా తయారైంది. ఎందుకంటారు?

జవాబు 4: బైట్ల లెక్క

రెండింటికీ కారణాలున్నాయి. వీకార్డ్‌లో పేరుకు రెండు చోట్లు ఉంటాయి. ఒకదాంట్లో ఇంటిపేరు, సొంత పేరు విడివిడిగా రాయాలి. మరొకటి మొత్తం పేరు కనిపించవలసిన తీరు. మొదటిదానిని చూసి చాలా ఫోన్లు పాశ్చాత్యుల పద్ధతిలో సొంత పేరు ముందు, ఇంటిపేరు వెనుక పేరుస్తాయి. మన ఇంటిపేర్ల సంగతి వాటికి తెలియదు. అందువల్ల ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలి, మీరు ఎలా పిలిపించుకుంటారో అలాగే మొత్తం పేరును సొంత పేరు గడిలోనూ, మొత్తం పేరు గడిలోనూ రాసేయండి. శుద్ధమైన పద్ధతి కాకపోవచ్చు కానీ ఏ ఫోనూ దానిని తిప్పలేదు. వీకార్డ్ వెర్షన్ 3.0 ఎంచుకోండి, పాత ఫోన్లకు కూడా అది అర్థమవుతుంది.

తెలుగు విషయానికి వస్తే, అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి హల్లుకు, గుణింతపు గుర్తుకు, పొల్లుకు మూడేసి బైట్లు పడతాయి. ‘శ్రీనివాసరావు’ అన్న పేరునే చూడండి. ఇంగ్లీషు లిపిలో నడుమ ఖాళీతో కలిపి 13 బైట్లు. తెలుగులో శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి అంటూ విడదీస్తే అవీ 13 గుర్తులే అవుతాయి కానీ 39 బైట్లు తీసుకుంటాయి. చిరునామా కూడా తెలుగులో పెడితే కోడ్ ఇసుక కాక మరేమవుతుంది? తెలుగు పేరును కార్డు ముందు వైపు పెద్ద అక్షరాలలో అచ్చువేయించుకోండి, కోడ్‌లో ఇంగ్లీషు ఉంచండి. తెలుగు అభిమానిగా ఈ సలహా ఇవ్వడం నాకు ఇష్టం లేదు, కానీ అంగుళం చోటులో వేరే దారి లేదు.

జవాబు 5: కొనుగోలు విభాగం, పాశమైలారం

మీరు కార్డు ఇచ్చే మనుషులలో నేనొకడిని కనుక అటువైపు సంగతి చెబుతాను. మీరెంత మంచి కోడ్ చేయించినా, నేను స్కాన్ చేస్తే మీ వివరాలు నాకు చేరతాయి తప్ప నావి మీకు చేరవు. మీరు సొరుగులో పెట్టుకున్న 110 కార్డుల బాధ దానితో తీరదు. ఒక స్టాలు వారు చేసిన పని నాకు నచ్చింది. వారు వాట్సాప్ లింకును కోడ్‌గా పెట్టారు. దేశం కోడ్‌తో సహా నంబరు, దాని వెనుక ముందే రాసి ఉంచిన సందేశం ఆ లింకులో ఉంటాయి. స్కాన్ చేయగానే నా ఫోనులో వారి నంబరుకు సందేశం సిద్ధంగా వచ్చింది, ‘బ్లిస్టర్ ఫాయిల్ గురించి మాట్లాడాము, శాంపిల్ పంపండి’ అని (మాత్రల పట్టీల మీద అతికించే రేకు అది). నేను దాని చివర ‘40 మైక్రాన్ల మందం వద్దు, 25 చాలు’ అని చేర్చి పంపాను. నా నంబరు, నాకు కావలసినది, తేదీ, సమయం అన్నీ వారి దగ్గర ఉండిపోయాయి. మీరు అట్టపెట్టెలకు ఒక కోడ్, కరపత్రాలకు ఒక కోడ్ బల్ల మీద పెట్టుకోవచ్చు. దీనికి చందా అక్కరలేదు, హాలులో సిగ్నల్ మాత్రం ఉండాలి.

ఒక విన్నపం. అలా వచ్చిన నంబర్లను పండుగ శుభాకాంక్షల జాబితాలో చేర్చకండి. వ్యక్తిగత సమాచార పరిరక్షణకు 2023లో చట్టమే వచ్చింది, ఏ పనికి ఇచ్చిన నంబరును ఆ పనికే వాడాలన్నది అందులో ముఖ్యమైన మాట. చట్టం సంగతి అటుంచినా, ఒక ప్రదర్శనకు వెళ్ళివచ్చాక నెల రోజుల పాటు నాకు రోజూ ఉదయం వచ్చే గులాబీ పువ్వుల బొమ్మలు చూసి మా ఇంట్లోవారు అనుమానంగా అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పలేకపోతున్నాను.

అట్టపెట్టెల యజమాని

గులాబీలు పంపినవారిలో నేను లేనని ఆశిస్తున్నాను. కార్డులు 200కు బదులు 100 వేయిస్తాను, వెనుక స్టాటిక్ వీకార్డ్, మ్యాట్ లామినేషన్‌తో. వాట్సాప్ కోడ్లు రెండు, మా 300 జీఎస్‌ఎం బోర్డు మీదే అచ్చువేసి బల్ల మీద నిలబెడతాను. చందా కంపెనీవారికి వద్దని ఈ రోజే చెప్పాను.

ప్రెస్సు మేస్త్రి, విజయవాడ

ప్లేటు వేయకముందు ప్రూఫ్‌ను అసలు సైజులో తీసి, మూడు నాలుగు ఫోన్లతో స్కాన్ చేసి చూడండి. వాటిలో ఒకటి కెమెరా అద్దం గీతలు పడిన పాత ఫోను అయి ఉండాలి.