సెన్సిటివిటీ రిపోర్ట్‌లో ఎస్ అని వచ్చింది, ఆవుకి మాత్రం పొదుగువాపు తగ్గట్లేదు

అందరికీ నమస్కారం. మా ఆవుకి కుడి వెనక చన్ను రెండు నెలల్లో మూడోసారి వాచింది, పాలల్లో తెల్లటి ముక్కలు పడుతున్నాయి. ఊరికే చన్నులోకి మందు ట్యూబులు ఎక్కించుకుంటూ పోవడం ఎందుకని ఈసారి పాలు కల్చర్‌కి (ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి, ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్షకి) పంపాం. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా అన్నారు, పెన్సిలిన్‌కి ఆర్ (అంటే లొంగదు), సెఫ్టియోఫర్ అనే యాంటీబయాటిక్‌కి ఎస్ (అంటే లొంగుతుంది), జోన్ (మందు చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం) 24 మి.మీ. డాక్టర్ గారు అదే ట్యూబు రాశారు, కోర్సు మొత్తం పూర్తి చేశాం, పాలు శుభ్రంగా వచ్చాయి, 15 రోజులకే మళ్ళీ మొదలు. ల్యాబ్‌ వాళ్ళు తప్పు రాశారంటారా? ఇంకోచోట చేయించాలా?

జవాబు 1
నేను ల్యాబ్‌లో ఇదే పని చేస్తాను. సెఫ్టియోఫర్‌కి 21 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ వస్తే ఎస్ అనే రాస్తాం, కాబట్టి రిపోర్ట్ సరిగ్గానే ఉంది. కానీ మేము చూసేది ప్లేట్ మీద. మిల్లీలీటర్‌కి దాదాపు 15 కోట్ల బ్యాక్టీరియా ఉండేలా కలిపి ముల్లర్ హింటన్ అగార్ (బ్యాక్టీరియాని పెంచే జెల్లీ) మీద పూసి, మందు పట్టించిన చిన్న డిస్కులు పెట్టి, 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు ఉంచి జోన్ కొలుస్తాం. అక్కడ బ్యాక్టీరియాకి దాక్కోవడానికి చోటు ఉండదు. పొదుగులో అలా కాదండి, ఆరియస్ కణాల లోపలికి దూరిపోతుంది, చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది, చీముగడ్డల్లో దాక్కుంటుంది, అక్కడిదాకా మందు సరిపడా చేరదు. అందుకే ఆర్ వస్తే ఆ మందు పక్కన పెట్టేయొచ్చు, ఎస్ వస్తే మాత్రం పని చేసే అవకాశం ఉందని మాత్రమే అర్థం. అవునూ, శాంపిల్ ఎలా తీశారు?

అడిగినవారు
నీళ్ళతో కడిగి నేరుగా సీసాలోకి పితికామండి. ట్యూబు మొదలెట్టకముందే తీశాం.

జవాబు 2
మందుకి ముందే తీయడం మంచి పని చేశారు, తర్వాత తీస్తే బ్యాక్టీరియా ఉన్నా పెరగకపోవచ్చు. కడిగాక మాత్రం తడి లేకుండా తుడిచి, చన్ను మొనని 70 శాతం ఆల్కహాల్ దూదితో రుద్ది, మొదటి ధారలు పారేసి, స్టెరైల్ ట్యూబుని ఏటవాలుగా పట్టుకుని తీయాలి, వెంటనే ఐస్‌లో పెట్టాలి. పేడలోని సూక్ష్మజీవి పడితే దానికే సెన్సిటివిటీ చేసి ఇస్తారు, మనం దాన్ని నమ్మి మందేస్తాం, నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది. మీకు ఆరియస్ ఒక్కటే పెరిగిందంటే రిపోర్ట్ నమ్మొచ్చు.

ఇంతకీ ఆ చన్ను లోపల గట్టిగా తగులుతోందా?

అడిగినవారు
అవునండి, నిమ్మకాయంత గడ్డ తెలుస్తోంది.

జవాబు 2
అయితే మందు మార్చినంత మాత్రాన తగ్గడం కష్టం. కోర్సు ఇంకొన్ని రోజులు పొడిగించాలా, వట్టిపోయే టైంలో ఎక్కించే ట్యూబు దాకా ఆగాలా, ఆ ఒక్క చన్ను ఎండబెట్టేయాలా అనేది డాక్టర్ గారు చేత్తో చూసి చెప్పాలి. ఈలోపు ఆ ఆవుని అన్నిటికంటే చివర పితకండి, పితికాక చన్నులు అయోడిన్ మందులో ముంచండి, ఇది పితికే చేతులతోనూ మెషిన్ కప్పులతోనూ మిగతా వాటికి అంటుకుంటుంది.