అంబులెన్స్ బిల్లుకు భయపడి ఊబర్‌లో ఎమర్జెన్సీకి వెళ్లొచ్చా?

కృష్ణాతీరం:
అమెరికాకు కొత్తగా వచ్చే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తిరుగుతుంటుంది: "ఏమైనా సరే 911కి (ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు) ఫోన్ చేయొద్దు, వేలల్లో బిల్లు పడుతుంది, ఊబర్ ఎక్కి ఆసుపత్రికి పొండి." ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద చదివే పిల్లలకు ఇది చెప్పదగ్గ మాటేనా?

డల్లాస్ రూమ్మేట్:
చాలావరకు సరైనదే. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయటి (మన ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం లేని) డాక్టర్లు అదనంగా గుంజకుండా ఆపింది. హెలికాప్టర్‌నూ కలిపింది గానీ రోడ్డు అంబులెన్స్‌ను వదిలేసింది. వచ్చే బండి మన నెట్‌వర్క్‌లోదా కాదా అన్నది మన చేతిలో లేదు, బిల్లు వెయ్యి డాలర్లు దాటడం మామూలు. చెయ్యి విరిగినా, కుట్లు పడేంత తెగినా స్నేహితుడి కారు చాలు.

నైట్‌డ్యూటీ:
చెయ్యి విరిగితే సరే. ఆ "ఏమైనా సరే" అన్నదే ప్రాణం తీసే మాట. ఛాతీనొప్పి తీసుకోండి. అంబులెన్స్‌లో వచ్చే పారామెడిక్‌లు అక్కడికక్కడే 12 లీడ్ల ఈసీజీ తీస్తారు. గుండెపోటని తేలితే బండి దారిలో ఉండగానే క్యాథ్‌ల్యాబ్‌ను (గుండె రక్తనాళంలో అడ్డు తొలగించే గది) సిద్ధం చేయిస్తారు, వీలైనంతవరకు ఆ సౌకర్యం ఉన్నచోటికే తీసుకెళ్తారు. ఊబర్‌లో గుండె ఆగితే షాక్ ఇచ్చి గుండెను మళ్లీ కొట్టించే డీఫిబ్రిలేటర్ ఎక్కడిది? మూతి వంకరపోయి, మాట తడబడి, ఒక చెయ్యి పడిపోతే అది పక్షవాతం (స్ట్రోక్) కావచ్చు, రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. లక్షణాలు మొదలైన టైము గుర్తుపెట్టుకోండి, డాక్టర్లు ముందు అడిగేది అదే. ఊపిరాడకపోవడం, ఐదు నిమిషాలు దాటిన ఫిట్స్, అలర్జీతో గొంతు బిగుసుకోవడం, ఆగని రక్తం: వీటికీ 911 తప్ప వేరే మాట లేదు.

ఇంకో సంగతి. వాళ్లు వచ్చి చూశాక, స్పృహలో ఉన్న పేషెంట్ "రాను" అని సంతకం పెట్టొచ్చు. కొన్ని ఊళ్లలో వచ్చినందుకు చార్జీ వేస్తారు గానీ, తరలింపు బిల్లు, మైలేజీ పడవు.

డల్లాస్ రూమ్మేట్:
వాటికి ఒప్పుకుంటాను. మరి అర్ధరాత్రి కడుపునొప్పి?

నైట్‌డ్యూటీ:
బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగి, నడిస్తే ఎక్కువయ్యే నొప్పి అపెండిక్స్ కావచ్చు. కారులో వెళ్లొచ్చు, కానీ తెల్లారేదాకా ఆగకూడదు, పగిలిపోవచ్చు. అర్జెంట్ కేర్‌లో (చిన్న జబ్బులకు అపాయింట్‌మెంట్ లేకుండా చూసే క్లినిక్) చాలాచోట్ల సీటీ స్కాన్ ఉండదు, వాళ్లూ ఎమర్జెన్సీకే పంపుతారు, రెండు బిల్లులు. నెత్తురు కక్కినా, కళ్లు తిరిగి పడిపోయినా 911. ఇంటి నుంచి తెచ్చుకున్న డోలో 650 మీద టైలెనాల్, నైక్విల్ వేసుకోకండి. మూడింట్లోనూ పారాసిటమాలే ఉంది, రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయానికి ప్రమాదం.

బిల్లింగ్ బల్ల:
డల్లాస్ గారూ, మీ టెక్సాస్‌లో అసలు ఉచ్చు వేరే ఉంది. షాపుల వరుసలో అర్జెంట్ కేర్‌లా కనిపించే ఆసుపత్రి భవనంలో కాకుండా విడిగా ఉండే ఎమర్జెన్సీ రూములు. బోర్డు మీద "ఎమర్జెన్సీ" అని ఉంటే జలుబుకైనా ఎమర్జెన్సీ ధరే.

1986 నాటి ఎంటాలా చట్టం ప్రకారం మెడికేర్ (వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్స్) డబ్బు తీసుకునే ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఇన్సూరెన్స్ లేకపోయినా పరీక్షించి, పరిస్థితిని నిలకడకు తేవాలి. అయితే ఉచితం కాదు. ఆసుపత్రి బిల్లు ఒకటి, డాక్టర్‌ది ఒకటి తర్వాత వస్తాయి. రాగానే క్రెడిట్ కార్డు గీకకండి. ఐటెమైజ్డ్ బిల్లు (ఒక్కో ఖర్చు విడిగా రాసింది) అడిగి, ఇన్సూరెన్స్ పంపే ఈఓబీతో (తాము ఎంత కట్టారో, మన వాటా ఎంతో చూపే కాగితం) పోల్చండి. లాభాపేక్ష లేని ఆసుపత్రైతే మొదటి బిల్లు నుంచి 240 రోజుల లోపు ఇచ్చిన ఫైనాన్షియల్ అసిస్టెన్స్ (బిల్లు తగ్గింపు సాయం) దరఖాస్తును తీసుకోవాల్సిందే. ఆదాయం రుజువు అడుగుతారు, కొన్నిచోట్ల లీజు కాగితం కూడా. బయటి అంబులెన్స్ కంపెనీకి ఈ నియమం లేదు, వాళ్లతో విడిగా వాయిదాలు మాట్లాడుకోవాలి.

కృష్ణాతీరం:
ఇండియాలో కొన్న ట్రావెల్ పాలసీతో వచ్చినవాళ్ల సంగతి?

బిల్లింగ్ బల్ల:
నో సర్‌ప్రైజెస్ రక్షణ యూనివర్సిటీ స్టూడెంట్ ప్లాన్‌కు ఉంది, ట్రావెల్ పాలసీకి లేదు.

డల్లాస్ రూమ్మేట్:
నా భయమూ అదే. వాళ్లకు బిల్లు నిజమైన బరువు, దాన్ని కొట్టిపారేయలేం. యూనివర్సిటీ ప్లాన్ వద్దని వేవర్ ఫారం నింపేముందే రెండు పాలసీల్లోనూ అంబులెన్స్ ఎంతవరకు కవర్ అవుతుందో చూసుకోవాలి.

నైట్‌డ్యూటీ:
అవును, అది చదువు మొదలయ్యే ఆగస్టులో చూసుకోవాల్సిన పని, ఛాతీ పట్టుకున్న రాత్రి కాదు. 911కి చేసినప్పుడు ముందు అడ్రస్ చెప్పండి, అపార్ట్‌మెంట్ నంబరు, గేటు కోడ్‌తో సహా. రూమ్మేట్‌ను కిందికి పంపండి. వాడే మందుల పేర్లు, ఇన్సూరెన్స్ కార్డు ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి. ఇంగ్లిష్‌లో చెప్పలేకపోతే ఆసుపత్రిలో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను అడగండి, దానికి చార్జీ ఉండదు.