బురద నీళ్లలో క్రోమియం: రిపోర్టును నమ్మవచ్చా?

ప్రశ్న
ఒకప్పుడు ఎలక్ట్రోప్లేటింగ్ జరిగిన స్థలంలో మూడు పరిశీలన బావులు వేయించాం. బెయిలర్‌తో (తాడు కట్టి బావిలోకి దించే సన్నని గొట్టం) తోడితే నీళ్లు బురదగా వచ్చాయి. అక్కడికక్కడే నైట్రిక్ యాసిడ్ కలిపి ల్యాబ్‌కి పంపాం. క్రోమియం, సీసం బాగా ఎక్కువ వచ్చాయి. జిడ్డు తీయడానికి వాడిన ట్రైక్లోరోఇథిలీన్ మాత్రం ఎక్కడా లేదట. దీన్ని పట్టుకుని శుద్ధి పని మొదలుపెట్టొచ్చా?

జవాబు 1
వద్దండి. మట్టి రేణువుల్లో లోహాలు సహజంగానే ఉంటాయి. బురద నీళ్లలో యాసిడ్ పోస్తే అవి కరిగి నీటి ఖాతాలో పడతాయి. ఒక్కో బావికి రెండు సీసాలు తీయండి: ఒకటి వడకట్టనిది, ఇంకొకటి 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడకట్టింది. వడకట్టిన తర్వాతే పీహెచ్ 2 కంటే తగ్గేదాకా యాసిడ్ కలపాలి. వడకట్టిన దాంట్లో అంకె బాగా పడిపోతే మీరు కొలిచింది చాలావరకు బురదనే.

హెక్సావాలెంట్ క్రోమియానికి (క్రోమియంలో బాగా విషమైన రూపం) వేరే సీసా కావాలి, అందులో యాసిడ్ అస్సలు వద్దు. యాసిడ్‌లో అది విషం తక్కువుండే ట్రైవాలెంట్ రూపంలోకి మారిపోయి, ఉన్న విషం లేనట్టు కనబడుతుంది. వడకట్టి, చల్లగా ఉంచి, 24 గంటల్లోపు పరీక్ష చేయించాలి.

జవాబు 2
అసలు బావిని తవ్వాక డెవలప్ చేశారా, అంటే సన్నమట్టి పోయేదాకా తోడి శుభ్రం చేశారా? స్లాట్ పైపు (నీళ్లు లోపలికి రావడానికి సన్నని చీలికలున్న భాగం) చుట్టూ ఇసుకలో చేరిన సన్నమట్టిని ముందే తోడెయ్యకపోతే ఏ పంపు పెట్టినా బురదే వస్తుంది. తర్వాత స్లాట్ పైపు మధ్యలో పంపు దించి నిమిషానికి 100–500 మి.లీ. మాత్రమే తోడండి, బావిలో మట్టం 10 సెం.మీ. మించి దిగకూడదు. 3–5 నిమిషాలకోసారి కొలుస్తూ, వరసగా మూడు రీడింగుల్లో పీహెచ్ 0.1 లోపు, వాహకత 3 శాతం లోపు నిలబడితే, మసక 10 ఎన్‌టీయూ (నీటి మసకని కొలిచే ప్రమాణం) కంటే తగ్గితే అప్పుడు సీసా పట్టండి.

ట్రైక్లోరోఇథిలీన్ "లేదు" అన్నదే నాకు ఎక్కువ భయం. బెయిలర్ కుదుపులకి అది గాల్లోకి పోతుంది. 40 మి.లీ. గాజు వయల్ అంచుదాకా నింపి మూతపెట్టి, తలకిందులు చేసి తట్టండి. బుడగ కనిపిస్తే మళ్లీ తీయాలి. పైగా అది నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు, దిగి బంకమట్టి పొర మీద కూర్చుంటుంది. మీ స్లాట్లు నీటిమట్టం దగ్గరే ఉంటే దొరకదు. అలాగని బంకమట్టిని చీల్చకండి, ఆ రంధ్రమే కింది నీటికి దారి అవుతుంది. ల్యాబ్ జాబితాలో సిస్-డైక్లోరోఇథిలీన్, వినైల్ క్లోరైడ్ కూడా చేర్పించండి. ట్రైక్లోరోఇథిలీన్ విరిగితే వచ్చేవి ఇవే.

ప్రశ్న అడిగినవారు
మట్టి నమూనాలు నాలుగు చోట్లవి కలిపి ఒకటిగా పంపాం. అవి పనికొస్తాయా?

జవాబు 1
ఒక చోట కిలో మట్టికి 400 మి.గ్రా. లోహం ఉండి మిగతా మూడు శుభ్రంగా ఉంటే, కలిపాక 100 చూపిస్తుంది. తొట్ల కింద, డ్రైన్ అతుకుల దగ్గర, సంపు పక్కన దేనికది విడిగా తీయండి. ఆవిరయ్యే ద్రావకాలకైతే కలపడమే తప్పు: కోర్ (గొట్టంతో తీసిన మట్టి కడ్డీ) తెరిచిన వెంటనే 5 గ్రాములు నేరుగా మెథనాల్ వయల్‌లో వేసి మూత బిగించాలి.